మోసే యంత్రమా, తవ్వే యంత్రమా? స్కిడ్ స్టీర్ లోడర్ ఎంపిక వెనుక లెక్కలు

వరంగల్ మట్టెవాడలోనో గిర్మాజీపేటలోనో పాత పెంకుటింటిని కూల్చి మూడంతస్తుల ఇల్లు కట్టాలనుకున్న వారికి మొదటి తలనొప్పి సిమెంటు ధర కాదు, కూల్చిన గోడలను బయటికి చేర్చడం. సందు ఏడెనిమిది అడుగులుంటుంది. జేసీబీ సందు మొగదల దగ్గరే ఆగిపోతుంది. ఇక మిగిలేది తట్టలు. ఒక్కో తట్టలో 20 కిలోల మట్టి పడుతుందనుకుంటే పది టన్నుల శిథిలాలంటే 500 తట్టలు. అన్ని తట్టలు మోయడానికి మనుషులు దొరకడం ఏటికేడు కష్టమవుతోంది. అందుకే హనుమకొండ, కాజీపేట, కరీంనగర్‌లలో చిన్న కాంట్రాక్టర్లు కలిసిన చోటల్లా ‘చిన్న బాబ్‌క్యాట్ ఒకటి తీసుకుంటే ఎలా ఉంటుంది?’ అన్న మాట వినిపిస్తోంది. ఆ మాట వెంటే గందరగోళమూ మొదలవుతుంది. ఒకరు హార్స్‌పవర్ చూడమంటారు, మరొకరు బకెట్ సైజు చూడమంటారు, ఇంకొకరు ఆ డబ్బుకు ఇంకొంత కలిపి జేసీబీయే కొనమంటారు.

ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. కానీ ముగ్గురూ బాబ్‌క్యాట్ అని పిలిచే ఈ స్కిడ్ స్టీర్ లోడర్‌ను తవ్వే యంత్రంగానే చూస్తున్నారు. ఇది మోసే యంత్రం. చిక్కులో సగం అక్కడే ఉంది.

పేర్లు ఎక్కడివి, యంత్రం ఏది

మన దగ్గర యంత్రాలకు కంపెనీ పేర్లే జాతి పేర్లయిపోయాయి. ముందు బకెట్, వెనుక తవ్వే చెయ్యి ఉన్న బ్యాక్‌హో లోడర్ ఏ కంపెనీదైనా జేసీబీయే. ట్రాకుల మీద గుండ్రంగా తిరిగే ఎక్స్‌కవేటర్ ఏ దేశంలో తయారైనా పొక్లెయినే. అసలు పొక్లెయిన్ ఒక ఫ్రెంచ్ కంపెనీ పేరు. అదే వరుసలో స్కిడ్ స్టీర్ లోడర్ బాబ్‌క్యాట్ అయింది. జేసీబీ కంపెనీ కూడా స్కిడ్ స్టీర్లు తయారుచేస్తుంది కాబట్టి ‘జేసీబీ వాళ్ల బాబ్‌క్యాట్’ అనే విచిత్రమైన మాట కూడా సైట్ల మీద వినవచ్చు.

ఈ యంత్రం పుట్టింది నిర్మాణ రంగం కోసం కాదు. 1957లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో కెల్లర్ అన్నదమ్ములు ఒక టర్కీ కోళ్ల రైతు కోసం మూడు చక్రాల చిన్న లోడర్ తయారుచేశారు. కోళ్ల షెడ్డులో స్తంభాల మధ్య తిరిగి పెంట ఎత్తిపోయాలి, పై అంతస్తు మీదికి ఎక్కించగలిగేంత తేలికగా ఉండాలి. రైతు అడిగింది అదే. తర్వాత మెల్రో కంపెనీ ఆ హక్కులు తీసుకుని, 1960లో నాలుగు చక్రాల నమూనా తెచ్చి, 1962 నుంచి బాబ్‌క్యాట్ పేరు వాడింది. ఇరుకు చోట, చదునైన గచ్చు మీద, వదులుగా పడివున్న దాన్ని ఎత్తి పక్కన పోయడానికే దాని పుట్టుక. ఇప్పటికీ దాని బలం అదే.

తిరగడం అంటే ఈడ్చుకోవడం

దీనికి స్టీరింగ్‌తో పక్కకు తిరిగే చక్రాలు ఉండవు. ఎడమ వైపు రెండు చక్రాలు ఒక జత, కుడి వైపు రెండు ఇంకో జత. ఒక్కో జతకు విడివిడిగా హైడ్రాలిక్ పంపు, మోటారు ఉంటాయి. ఎడమ జత ముందుకు, కుడి జత వెనక్కు నడిస్తే బండి ఉన్నచోటే బొంగరంలా తిరుగుతుంది. అలా తిరిగేటప్పుడు టైర్లు నేల మీద పక్కకు ఈడ్చుకుపోతాయి. స్కిడ్ స్టీర్ అన్న పేరు అందుకే వచ్చింది.

ఈ ఈడ్పు సాధ్యమవడానికి బరువు పంపకమే ఆధారం. ఖాళీ బకెట్‌తో ఉన్నప్పుడు బరువులో దాదాపు 70 శాతం వెనుక చక్రాల మీద ఉంటుంది. ముందు చక్రాలు తేలిగ్గా జారతాయి. బకెట్ నిండితే పరిస్థితి తారుమారై, వెనుక చక్రాలు జారతాయి. వాలు మీద నడిపే సూత్రం కూడా దీని నుంచే పుట్టింది: బరువైన వైపు ఎప్పుడూ ఎగువకే ఉండాలి. నిండు బకెట్‌తో ర్యాంపు ఎక్కేటప్పుడు ముందుకు, ఖాళీ బకెట్‌తో ఎక్కేటప్పుడు వెనక్కు. సెల్లార్ ర్యాంపుల మీద ఏళ్ల తరబడి జేసీబీ నడిపిన ఆపరేటర్‌కు కూడా ఇది కొత్త అలవాటే.

నష్టం కూడా ఇక్కడి నుంచే వస్తుంది. మట్టి మీద తిరిగితే టైరుకు పెద్దగా ఏమీ కాదు. రోజంతా సిమెంటు గచ్చు మీద గిరగిరా తిప్పితే టైర్లు పెన్సిల్ రబ్బరులా అరిగిపోతాయి. కొత్తగా పరిచిన పేవర్ బ్లాకుల మీద తిప్పితే అవి లేచిపోతాయి.

బ్రోచర్‌లో మొదట చదవాల్సిన అంకె

అది హార్స్‌పవర్ కాదు, రేటెడ్ ఆపరేటింగ్ కెపాసిటీ. భద్రంగా ఎత్తి మోయగల బరువు అన్నమాట. దీన్ని కట్టే పద్ధతి తెలిస్తేనే అంకెకు అర్థం ఉంటుంది.

యంత్రాన్ని చదునైన గట్టి నేల మీద నిలబెట్టి, బకెట్‌ను ఎత్తే చేతులు ముందుకు అత్యంత దూరం చాచిన స్థితిలో బకెట్‌లో బరువు పెంచుకుంటూ పోతారు. ఒకచోట వెనుక చక్రాలు నేల విడుస్తాయి. ఆ బరువు టిప్పింగ్ లోడ్. చక్రాల యంత్రానికి అందులో సగం, ట్రాకుల యంత్రానికి 35 శాతం రేటెడ్ కెపాసిటీగా తీసుకోవాలని అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. ఉదాహరణకు రెండు యంత్రాల టిప్పింగ్ లోడ్ 1,800 కిలోలే అనుకుందాం. చక్రాల దానికి రేటెడ్ కెపాసిటీ 900 కిలోలు, ట్రాకుల దానికి 630 కిలోలు. అంటే ట్రాకుల యంత్రం బలహీనమైందని కాదు, దానికి కొలబద్ద వేరు. కొన్ని బ్రోచర్లు ట్రాకుల యంత్రానికి 50 శాతం అంకె కూడా పక్కనే ముద్రిస్తాయి. అమ్మేవారు ఆ రెండింటిలో ఏది చదివి వినిపిస్తారో ఊహించవచ్చు.

ఇప్పుడు బకెట్ సంగతి. రేటెడ్ కెపాసిటీ 700 కిలోలున్న యంత్రానికి 0.4 ఘనమీటర్ల బకెట్ తగిలించారనుకుందాం. పొడి ఇసుక ఘనమీటరుకు సుమారు 1,600 కిలోలు తూగుతుంది. నిండు బకెట్ 640 కిలోలు. సరిపోయింది. అదే ఇసుక రాత్రి వానకు తడిస్తే ఘనమీటరు 2,000 కిలోల దాకా తూగుతుంది. అదే బకెట్ 800 కిలోలవుతుంది. నిన్న హాయిగా పని చేసిన యంత్రం ఇవాళ వంద కిలోలు ఎక్కువ మోస్తోంది, చూడ్డానికి మాత్రం బకెట్ అదే నిండుగా ఉంది. వెంటనే బోల్తా పడదు, ఎందుకంటే టిప్పింగ్ లోడ్‌లో దాదాపు సగం ఇంకా మిగిలే ఉంది. కానీ ఆ మిగిలిన సగమే గుంతలో చక్రం దిగినప్పుడు, ఆపరేటర్ ఒక్కసారిగా ఆపినప్పుడు కాపాడేది. దాన్ని తడి ఇసుక తినేస్తే మిగిలేది అదృష్టం.

వడ్లు, ఊక లెక్క దీనికి తలకిందులు. అవి తేలిక. కాబట్టి రైస్ మిల్లులో పనికి అదే యంత్రానికి ఇంకా పెద్ద బకెట్ తగిలించుకోవచ్చు. బకెట్ పెద్దదా చిన్నదా అన్న ప్రశ్నకు విడిగా జవాబు లేదు. అందులో ఏం పోస్తారన్నది తేలాకే జవాబు వస్తుంది.

బకెట్ తీసి, సరుకు కిందికి దూర్చి ఎత్తే ఫోర్కులు తగిలిస్తే ఇంకో మెలిక. సిమెంటు బస్తాల ప్యాలెట్ బకెట్ కన్నా ముందుకు ఉంటుంది కాబట్టి, తక్కెడ కాడ పొడవు పెంచినట్టు, అదే బరువు ఎక్కువ లాగుతుంది. 700 కిలోల యంత్రంతో 50 కిలోల బస్తాలు 14 మోయవచ్చని కాగితం మీద తేలినా, ఫోర్కు బరువు, ముందుకు జరిగిన భారం కలిపితే 14 కుదరవు. ఎన్ని కుదురుతాయో చెప్పే పట్టిక ఆ ఫోర్కు తయారీదారు ఇచ్చిన పుస్తకంలోనే ఉంటుంది.

చేతులు పైకి లేచే దారి రెండు రకాలు

ఒక రకంలో చేతులు ఒకే కీలు మీద తిరిగి విల్లులా వంపు తిరుగుతూ లేస్తాయి. మధ్య ఎత్తులో బాగా ముందుకు చాచుకుని, పూర్తిగా పైకెళ్లేసరికి వెనక్కు వస్తాయి. దీన్ని రేడియల్ లిఫ్ట్ అంటారు. నిర్మాణం సులువు, పిన్నులు తక్కువ, గ్రీజు కొట్టాల్సిన చోట్లు తక్కువ. నేల చదును చేయడానికి, గట్టి మట్టిని గీరడానికి అనుకూలం. రెండో రకంలో అదనపు లింకుల వల్ల బకెట్ దాదాపు నిట్టనిలువుగా లేచి, పై ఎత్తులో కూడా ముందుకు చాచుకునే ఉంటుంది. ఇది వర్టికల్ లిఫ్ట్. లారీలో పోయడానికి, ప్యాలెట్లు పైన పెట్టడానికి ఇది మేలు. మధ్య ఎత్తులో బరువు బండికి దగ్గరగా ఉండటం వల్ల అదే సైజులో రేటెడ్ కెపాసిటీ కూడా సాధారణంగా కాస్త ఎక్కువగానే ఉంటుంది.

ఏది కావాలో తేల్చేది మీ టిప్పర్. బ్రోచర్‌లో కనిపించే ఎత్తు తరచుగా బకెట్ పిన్ను ఎత్తు, అంటే బకెట్ చేతులకు కలిసే కీలు ఎత్తు. బకెట్ వంచినప్పుడు దాని పెదవి పిన్ను కన్నా సుమారు 0.7 మీటర్లు కిందికి దిగుతుంది. పిన్ను ఎత్తు 2.8 మీటర్లంటే పోసే ఎత్తు 2.1 మీటర్లే. టిప్పర్ పక్కగోడ 2.4 మీటర్లున్నప్పుడు ఆ యంత్రం దానిలో పోయలేదు. ట్రాక్టర్ ట్రాలీలో మాత్రం సులువుగా పోస్తుంది. మొరంతో చిన్న దిబ్బ పోసి దాని మీదికి ఎక్కి పోసే ఉపాయం సైట్లలో కొత్తది కాదు. కానీ నిండు బకెట్‌ను పూర్తిగా పైకెత్తి దిబ్బ మీద నిలబడటం కన్నా ప్రమాదకరమైన భంగిమ ఈ యంత్రానికి లేదు.

సందు కొలత

చిన్న యంత్రాల వెడల్పు బకెట్‌తో కలిపి సుమారు 1.5 నుంచి 1.8 మీటర్లు. అంటే ఐదారు అడుగులు. ఎనిమిది అడుగుల సందులోకి వెళ్తుంది. కానీ ‘ఉన్నచోటే తిరుగుతుంది’ అన్న మాటను అక్షరాలా నమ్మితే దెబ్బ తింటాం. బకెట్ ముందుకు పొడుచుకుని ఉంటుంది కాబట్టి దాని మూలలు గీసే వృత్తం వ్యాసం సుమారు నాలుగు మీటర్లు, పదమూడు అడుగులు. సందులో అది తిరగదు. ఇంటి స్థలంలోకి వెళ్లాక తిరిగి, సందులో నేరుగా ముందుకో వెనక్కో నడవాలి. వెనక్కు నడిస్తే ఆపరేటర్‌కు వెనుక దాదాపు ఏమీ కనిపించదు. వెనుక కెమెరా ఉంటే ఉంది, లేదంటే దారి చూపుతూ నడిచే మనిషి కావాలి. ఈ సందుల్లో పిల్లలు ఆడుకుంటారు.

స్టిల్ట్ పార్కింగ్‌లో పని ఉంటే బండి ఎత్తు, అంటే రెండు మీటర్ల దగ్గరి అంకె, బీము అడుగు భాగంతో పోల్చాలి. శ్లాబుతో కాదు.

నల్లరేగడి, మొరం, బండ

చక్రాలా ట్రాకులా అన్న వాదన అంతులేనిది. నేల ఒత్తిడి చూస్తే ట్రాకులు స్పష్టంగా గెలుస్తాయి: రబ్బరు ట్రాకులు చదరపు సెంటీమీటరుకు 0.3 కిలోల చుట్టూ మోపితే, టైర్లు రెండు కిలోలు దాటి మోపుతాయి. పరకాల, ఆత్మకూరు వైపు పత్తి పండే నల్లరేగడిలో జులై నెలలో పని అంటే ఈ తేడా పగలూ రాత్రీ అంత. టైర్ల బండి మొదటి వానకే కూరుకుపోయి, దాన్ని లాగడానికి ట్రాక్టర్ కోసం ఫోన్లు మొదలవుతాయి. అయితే భద్రకాళి చెరువులో చేసినట్టు పూడిక తీసే పనికి ట్రాకుల లోడర్ కూడా సరైంది కాదు. ఎక్స్‌కవేటర్ల పని అది.

నగరంలో కథ మారుతుంది. కూల్చిన ఇంట్లో విరిగిన సలాకలు, గ్రానైట్ చెక్కలు, మేకులు. అవి రబ్బరు ట్రాకును కోసేస్తాయి, కొత్త ట్రాకు ఖరీదు నాలుగు టైర్ల ఖరీదును మించిపోతుంది. ఇలాంటి చోట గాలి లేని ఘన టైర్లు ఖరీదైనవైనా పంక్చర్ గొడవ ఉండదు. కుదుపు మాత్రం ఆపరేటర్ నడుముకు తెలుస్తుంది. ఎర్ర చల్క నేలల్లో, మొరం పరిచిన వెంచర్లలో మామూలు టైర్లే చాలు. ఏడాదిలో వాన నెలల్లో ఎంత పని, ఏ నేల మీద అన్న లెక్క తేలితే ఈ వాదనకు ముగింపు దొరుకుతుంది. ఎవరి సైటులో వారికి.

ఇక బండ. ఏకశిలానగరం అని ఊరికే పేరు రాలేదు. ఓరుగల్లులో పునాది తవ్వితే కొద్ది అడుగుల్లోనే రాయి తగలడం మామూలే. స్కిడ్ స్టీర్‌కు బ్రేకర్, అంటే పగలగొట్టే సుత్తి, తగిలించవచ్చు కదా అంటారు. తగిలించవచ్చు. అది గచ్చు, ఇటుక గోడ, పాత బెడ్డు పగలగొట్టే బ్రేకర్. మూడు టన్నుల యంత్రం మోసే చిన్న బ్రేకర్‌తో పరుపు బండను పగలగొట్టాలనుకుంటే రాయి కన్నా ముందు యంత్రం కీళ్లు అలిసిపోతాయి.

అటాచ్‌మెంట్లు నూనెతో నడుస్తాయి

గుంతలు తీసే ఆగర్, ఊడ్చే స్వీపర్, కాలువ తవ్వే ట్రెంచర్, బ్రేకర్, పట్టి ఎత్తే గ్రాపుల్ అన్నీ బకెట్ తగిలించే చోటే, ఒకే కప్లర్‌కు నిమిషాల్లో తగులుతాయి. అమ్మకాల మాటలో ఇదే ప్రధాన ఆకర్షణ, న్యాయంగానే. కానీ ప్రతి అటాచ్‌మెంటుకూ నిమిషానికి ఇన్ని లీటర్ల హైడ్రాలిక్ నూనె, ఇంత ఒత్తిడి కావాలన్న షరతు ఉంటుంది. ఒత్తిడిని బార్లలో, ప్రవాహాన్ని నిమిషానికి లీటర్లలో తీసుకుని గుణించి 600తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 200 బార్లు, 65 లీటర్లు అంటే సుమారు 21.7 కిలోవాట్లు, దాదాపు 29 హార్స్‌పవర్. ఇంజిను 50 హార్స్‌పవర్ అయినా అటాచ్‌మెంటుకు చేరేది ఇంతే. స్తంభాల గుంతలు తీసే ఆగర్‌కు ఇది చాలు. తారు రోడ్డు గీరే ప్లేనర్‌కు చాలదు, దానికి ఎక్కువ నూనె పంపే హై ఫ్లో పంపు కావాలి. ఎప్పుడో ఒకసారి వాడే అటాచ్‌మెంటు కోసం హై ఫ్లోకు డబ్బు పోయడం గురించి కాంట్రాక్టర్లలో రెండు అభిప్రాయాలున్నాయి. తర్వాత అమరదు కాబట్టి ఇప్పుడే తీసుకోవాలన్నది ఒకటి, బకెట్ పనే తొంభై పాళ్లు ఉన్నప్పుడు అది చావు పెట్టుబడి అన్నది రెండోది. పురపాలక రోడ్ల పనులు చేసేవారికి మొదటిది, ఇళ్లు కట్టేవారికి రెండోది దగ్గరగా కనిపిస్తుంది.

మే నెలలో రామగుండం వైపు ఎండ 45 డిగ్రీలు దాటినప్పుడు అటాచ్‌మెంటు ఆపకుండా నడిపితే మొదట వేడెక్కేది హైడ్రాలిక్ నూనే. ఊక దుమ్ములో పనిచేసే బండికి రేడియేటర్ గంటగంటకూ మూసుకుపోతుంది.

ఇంజిను విషయంలో కొత్తగా వచ్చిన మార్పు ఒకటుంది. 2025 జనవరి 1 నుంచి చక్రాల నిర్మాణ యంత్రాలకు సీఈవీ (నిర్మాణ యంత్ర వాహనాల) ఐదో దశ కాలుష్య నిబంధనలు అమలయ్యాయి. వీటి వల్ల చిన్న ఇంజిన్లకు కూడా పొగలోని మసిని పట్టే ఫిల్టర్ వచ్చింది. ఆ ఫిల్టర్ వేడెక్కి తనను తాను శుభ్రం చేసుకోవాలి. పది నిమిషాలు నడిపి అరగంట ఆపే సైట్లలో అది సరిగా జరగదు. పాత బండి కొంటే ఈ బాధ ఉండదనే వాదన నిజమే, కానీ పాత బండికి పాత బండి బాధలు ఉంటాయి: చేతుల పిన్నుల్లో ఆట, చక్రాలను తిప్పే చైను పెట్టెలో చప్పుడు.

జేసీబీ ఉండగా ఇదెందుకు?

ఈ ప్రశ్న వేసేవారిది మొండితనం కాదు. బ్యాక్‌హో లోడర్ ముందు బకెట్‌తో ఎత్తుతుంది, వెనుక చేతితో నాలుగున్నర మీటర్ల లోతు తవ్వుతుంది, తన చక్రాల మీదే ఇంకో ఊరికి పోతుంది. స్కిడ్ స్టీర్ వేగం గంటకు పన్నెండు కిలోమీటర్ల చుట్టూ. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో నిర్మాణ యంత్రాల నిర్వచనమే రోడ్డు ప్రయాణాన్ని అసలు పనికి తోడుగా జరిగే కొద్దిపాటి ప్రయాణంగా, గంటకు 50 కిలోమీటర్లు మించనిదిగా చూస్తుంది. హనుమకొండ నుంచి భూపాలపల్లికి దీన్ని నడిపించుకుంటూ పోవడం జరగని పని. లారీ కావాలి, ఎక్కించే ర్యాంపు కావాలి.

మరోవైపు ఏడెనిమిది టన్నుల జేసీబీ ఎక్కిన పార్కింగ్ శ్లాబు పరిస్థితి ఆలోచించాలి. సెల్లార్‌లో దానికి మలుపు లేదు. పది టన్నుల టిప్పర్‌ను అది ఏడెనిమిది బకెట్లతో నింపితే, స్కిడ్ స్టీర్ 600 కిలోల చొప్పున 17 బకెట్లు పోయాలి. చోటు ఉంటే జేసీబీ గెలుస్తుంది, చోటు లేకపోతే 500 తట్టలతో పోల్చినప్పుడు 17 బకెట్లు గెలుస్తాయి. మూడో పోటీదారు కూడా ఉంది: ముందు లోడర్ బిగించిన ట్రాక్టర్. పల్లెల్లో ఇప్పటికే ఇంట్లో ట్రాక్టర్ ఉన్నవారికి అది చవక. ఇరుకు చోట తిరగలేదు, ముందు ఇరుసు మీద బరువు పడుతుంది, అయినా మొరం చదును చేయడానికి అది చాలు అనేవారు ఈ ప్రాంతంలో ఎక్కువ.

గంటల లెక్క

కొనాలా కిరాయికి తేవాలా అన్నది చూడటానికి ఊహా అంకెలతో ఒక లెక్క కట్టి చూద్దాం. యంత్రం 24 లక్షలకు కొని ఐదేళ్లకు 10 లక్షలకు అమ్మారనుకుంటే ఏటా 2.8 లక్షల తరుగు. వడ్డీ, బీమా కలిపి సగటున 2.2 లక్షలు. నెలకు 20 వేల చొప్పున ఆపరేటర్ జీతం 2.4 లక్షలు. బండి కదిలినా కదలకపోయినా ఏడాదికి 7.4 లక్షలు. నడిచిన ప్రతి గంటకూ ఐదు లీటర్ల డీజిలు 95 రూపాయల చొప్పున 475, టైర్లు, నూనె, మరమ్మతులకు 150, మొత్తం 625.

ఏడాదికి 1,200 గంటలు నడిస్తే గంటకు 617 కలిపి 1,242 రూపాయలు పడుతుంది. 600 గంటలే నడిస్తే 1,233 కలిపి 1,858. అదే బండి, అదే ఆపరేటర్. స్థానిక కిరాయి ఈ రెండు అంకెల మధ్య ఉంటే, యంత్రం మంచిదా కాదా అన్న చర్చ కన్నా మీ దగ్గర ఏడాదికి ఎన్ని గంటల పని ఉందన్న చర్చే ముఖ్యమవుతుంది. కిరాయికి తెచ్చేవారి లెక్కలో ఇంకో గీత చేరుతుంది: రానూపోనూ లారీ ఖర్చు. దాన్ని మూడు వేలనుకుంటే, రెండు గంటల పనికి గంటకు 1,500 అదనం, ఇరవై గంటల పనికి 150 మాత్రమే. అందుకే ఒకే వీధిలో రెండు మూడు ఇళ్ల కూల్చివేత ఉన్నప్పుడు కాంట్రాక్టర్లు మాట్లాడుకుని ఒకే వారంలో బండిని దింపించుకుంటారు. ఒక్క ఇంటివారైతే కూల్చివేత శిథిలాలకు ఒకసారి, ఆరు నెలలకు ఫ్లోరింగ్ కింద మొరం నింపడానికి ఇంకోసారి లారీ డబ్బులు కట్టాల్సి వస్తుంది. ఆ రెండోసారికి మళ్లీ ట్రాక్టర్ వైపే చూస్తారు.